అరకు ఘాట్‌కి టూరింగ్ సైకిల్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఘాట్ రోడ్డు ఎక్కే ఆలోచన ఉంటే సైకిల్‌కి ఎన్ని గేర్లున్నాయని అడక్కండి, అన్నిటికన్నా తేలికైన గేర్ ఏదో అడగండి. షాపులో మాత్రం ముందు వినిపించేది 21, 24, 27 అన్న లెక్కే. కొన్నేళ్లుగా ఒకే స్టీల్ ఫ్రేమ్ టూరింగ్ సైకిల్ (సామాను వేసుకుని దూరాలు వెళ్లడానికి చేసినది) మీద విశాఖ చుట్టుపక్కల కొండలు తిరుగుతున్నాను. మామూలు రోజుల్లో కైలాసగిరి, సింహాచలం. చలికాలం సెలవులొస్తే ఒక్కడినే అరకు. బండి బరువు ఎక్కువే. అయినా మళ్లీ కొనాల్సి వస్తే ఇలాంటిదే కొంటాను.

నా సైకిల్‌కి ముందు పెడల్ దగ్గరున్న చిన్న పళ్ల చక్రానికి 22 పళ్లు, వెనక పెద్ద పళ్ల చక్రానికి 34. ఆ గేర్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 1.4 మీటర్లు కదులుతుంది. చాలా రోడ్ బైకుల్లో (వేగం కోసం చేసిన సన్న టైర్ల సైకిళ్లు) ముందు 34, వెనక 28 ఉంటాయి. అదే చుట్టుకి రెండున్నర మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే నాది గంటకు 5 కిలోమీటర్లు, వాళ్లది 9. వినడానికి 9 బాగుంటుంది. కానీ మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలనుకుంటే, వంద మీటర్లకు ఏడు మీటర్లు లేచే రోడ్డు మీద 9 వేగానికి కాళ్ల నుంచి 175 వాట్ల శక్తి దాకా కావాలి. 5 వేగానికి 100 లోపే చాలు. మోకాళ్లు సాయంత్రం దాకా నిలబడేది ఈ తేడా వల్లే.

పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా 50 పైచిలుకు కిలోమీటర్లు పెద్ద కష్టమేమీ ఉండదు. తెల్లవారకముందే బయల్దేరాలి, అంతే. కాశీపట్నం దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ టీ తాగుతుంటే ఒక పెద్దాయన "ఒక్కడివే ఎక్కుతావేటి బాబూ?" అని అడిగి, సీసాలో నీళ్లు నింపించి మరీ పంపారు. టైడ, ఆ తర్వాత అనంతగిరి. కాఫీ తోటలు, చెట్ల మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు కనబడేసరికి ఇక అయిపోయిందనిపిస్తుంది. అవదు. అరకు ఎత్తు దాదాపు 900 మీటర్లు. రోడ్డు అంతకన్నా పైకి గాలికొండ దాకా వెళ్లి, అక్కణ్నుంచి సుంకరమెట్ట వైపు దిగుతుంది. కాబట్టి అనంతగిరిలోనే ఓపికంతా ఖర్చు పెట్టేయకూడదు. చిన్న గేర్ విలువ నాకు బాగా తెలిసింది కూడా ఆ చివరి మలుపుల్లోనే. ఆగకుండా, ఊపిరి తప్పకుండా, పక్కనున్న లోయను చూసుకుంటూ ఎక్కాను. ఆ ఆనందం కోసమే మళ్లీ మళ్లీ వెళ్తాను.

మర్నాడు తిరుగు దారిలో పరీక్షంతా బ్రేకులకే. నా సైకిల్‌వి కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు. వీటిలో చాలావాటికి ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదులుతుంది. రెండోది అరిగేకొద్దీ మనమే ఎలెన్ కీతో లోపలికి తిప్పుకోవాలి. లేదంటే లీవర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చేస్తుంది. అందుకే దిగే ముందు చక్రం ఎత్తి తిప్పి, డిస్క్‌కి రెండు పక్కలా సన్నటి సందు సమానంగా ఉందో లేదో చూస్తాను. వానాకాలంలో మట్టి నీళ్లకు ప్యాడ్లు త్వరగా అరిగిపోతాయి, ఒక జత బ్యాగులో ఉండాల్సిందే. కిందిదాకా బ్రేక్ పట్టుకునే దిగితే డిస్క్ బాగా వేడెక్కుతుంది. మలుపుకి ముందు గట్టిగా పట్టి, వేగం తగ్గాక వదిలేయడం మంచిది. ఆదివారాల్లో టూరిస్టు కార్లు మలుపుల్లో మన వైపుకి వచ్చేస్తాయి, అదొక టెన్షన్. వీలైతే మామూలు రోజున వెళ్లండి.

ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇంకో మాట. ట్యూబుకి సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే, దారిలోని మోటార్ బైకు పంక్చర్ షాపుల గాలి గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి దగ్గరుంటే పనైపోతుంది. పంపు, స్పేర్ ట్యూబు, చైన్ లింకు ఎలాగూ ఉండాలి.

విశాఖలో ఉండేవాళ్లకు ఉన్న ఇబ్బంది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు దగ్గర్లో ఉంచితే చైను లింకుల మధ్య, స్పోకుల చివర ఎర్రటి తుప్పు మొదలవుతుంది. నీళ్లతో కడిగి, బాగా తుడిచి, ఆరాక నూనె వేస్తుంటే స్టీల్ ఫ్రేమ్‌కి ఇంతవరకూ ఏమీ కాలేదు. సీటు, క్యారియర్ బాగానే ఉన్నాయి.

పొద్దున్నే బీచ్ రోడ్డులో వేగంగా తిరిగి రావడానికే అయితే ఈ బండి వద్దు, బరువనిపిస్తుంది. ఉన్న రోడ్ బైకుతోనే ఘాట్ ఎక్కాలనుకుంటే కొత్తది కొనేముందు వెనక పెద్ద చక్రానికి 34 పళ్లుండే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల సెట్టు) వేయగలరేమో మెకానిక్‌ని అడగండి. మీ సైకిల్ వెనక డిరైలర్ (చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకో గేర్‌కి మార్చే భాగం) అంత పెద్ద పళ్ల చక్రానికి సరిపోతుందో లేదో చూసి చెబుతారు.