లెక్కలు సరే, డక్టుల సంగతి ఎవరిది? లినాక్ బంకర్ షీల్డింగ్ డిజైన్ సేవపై సమీక్ష

రేడియోథెరపీ విభాగానికి కొత్త లీనియర్ యాక్సిలరేటర్ (లినాక్, అంటే అధికశక్తి ఎక్స్‌రేలతో క్యాన్సర్‌కు చికిత్స చేసే యంత్రం) గదిని, మా వాడుకలో చెప్పాలంటే బంకర్‌ను, కట్టించేటప్పుడు మా ఆసుపత్రి ఒక సంస్థ సేవలు తీసుకుంది. షీల్డింగ్ (రేడియేషన్ బయటికి రాకుండా ఆపే గోడలు, తలుపు) లెక్కలు, డ్రాయింగులు, కాంక్రీటు పని పర్యవేక్షణ, చివరి రేడియేషన్ సర్వే అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తామన్నారు. మెడికల్ ఫిజిసిస్టుగా ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూసిన నేను, ఇలాంటి సేవ కోసం వెతుకుతున్న విభాగాలకు పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు.

వారి పనిలో నాకు అన్నిటికంటే నచ్చినవి లెక్కలకు ముందు వారు అడిగిన ప్రశ్నలు. యంత్రం శక్తి 10 మెగావోల్టుల దగ్గరే ఆగుతుందా, ముందుముందు 15కు వెళ్లే ఆలోచన ఉందా అన్నది మొదటి ప్రశ్న. 10 దాటిన కొద్దీ యంత్రం తలలోని లోహ భాగాల నుంచి న్యూట్రాన్లు ఎక్కువగా పుడతాయి కాబట్టి, గోడ కంటే ముందుగా తలుపు బరువు, మేజ్ (తలుపు నుంచి గదిలోకి వంపు తిరిగి వెళ్లే నడవ) పొడవు ఈ జవాబు మీదే ఆధారపడతాయి. శరీరమంతటికీ ఒకేసారి రేడియేషన్ ఇచ్చే చికిత్స చేస్తారా, చేస్తే రోగిని ఏ గోడ వైపు ఉంచుతారు అని రెండో ప్రశ్న వేశారు. ఇది చాలామంది అడగరు. కిరణ మూలానికి 4 మీటర్ల దూరంలో ఉన్న రోగికి 12 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) చేరాలంటే, దూరం వర్గాన్ని బట్టి డోసు తగ్గుతుంది కాబట్టి, 1 మీటరు దగ్గర లెక్కగట్టే పనిభారం (యంత్రం ఇచ్చే మొత్తం డోసు) 192 గ్రే అవుతుంది. పైగా అదంతా ఒకే గోడ మీద పడుతుంది. మామూలు చికిత్సల సగటు పనిభారంతోనే సరిపెట్టుకునే నివేదికలో ఆ గోడ పలుచబడే ప్రమాదం ఉంది.

మూడో ప్రశ్న గోడ అవతలి గది గురించి. మా ఆర్కిటెక్టు డ్రాయింగులో అక్కడ స్టోరు గది అని రాసి ఉంది. వారానికి 500 గ్రే పనిభారం, అందులో నాలుగో వంతు ఆ గోడ వైపు, మూలం నుంచి అవతలి మనిషికి 6 మీటర్ల దూరం, సాధారణ ప్రజలకు పెట్టుకునే వారానికి 0.02 మిల్లీసీవర్టుల (మనిషిపై రేడియేషన్ ప్రభావానికి కొలమానం) పరిమితి అనుకుంటే, అక్కడ ఒకరు పనివేళలంతా కూర్చుంటారన్న లెక్కకు 10 మెగావోల్టుల కిరణ పుంజాన్ని ఆపడానికి మామూలు కాంక్రీటు దాదాపు 198 సెంటీమీటర్లు కావాలి. స్టోరు గదే కదా అని ఇరవయ్యో వంతు సమయం వేసుకుంటే 150 చాలు. ఒక్క అంకె మార్పుతో గోడ మందంలో అర మీటరుకు దగ్గరగా తేడా వస్తుంది. స్టోరు గది ఎల్లకాలం స్టోరు గదిగానే మిగిలిన ఆసుపత్రిని నేను ఇంతవరకు చూడలేదు; ఎప్పుడో ఒకప్పుడు అక్కడ బల్ల వేసి ఎవరినో కూర్చోబెడతారు. ఈ మాటే సంస్థవారు మా యాజమాన్యానికి అంకెలతో సహా వివరించి, పూర్తి సమయం లెక్కకే ఒప్పించారు. ఖర్చు పెరిగే సలహాను క్లయింటుకు నచ్చకపోయినా నిలబడి చెప్పడం చిన్న విషయం కాదు.

నివేదిక కూడా పద్ధతిగా ఉంది. అమెరికాలోని రేడియేషన్ రక్షణ మండలి ఎన్‌సీఆర్‌పీ 2005లో వెలువరించిన 151వ నివేదిక విధానాన్ని అనుసరించి, ప్రతి గోడకూ పనిభారం, దూరం, వినియోగ భాగం (పుంజం ఆ గోడ వైపు ఉండే వంతు), అవతల మనుషులుండే సమయం విడివిడిగా చూపారు. పుంజం తీవ్రతను చోటుచోటుకూ మార్చి ఇచ్చే ఐఎమ్‌ఆర్‌టీ చికిత్సల్లో అదే డోసుకు యంత్రం ఎక్కువ సేపు పనిచేస్తుంది కాబట్టి తల నుంచి లీకయ్యే రేడియేషన్ కొన్ని రెట్లు పెరుగుతుంది, ప్రధాన పుంజం భారం మాత్రం పెరగదు. ఈ తేడాను సెకండరీ గోడల (ప్రధాన పుంజం నేరుగా పడని గోడల) లెక్కలో స్పష్టంగా చేర్చారు. పుంజాన్ని సమంగా పరిచే ఫ్లాటెనింగ్ ఫిల్టర్ లేని పుంజాల డోసు వేగం చాలా ఎక్కువ కాబట్టి వారం సగటుతో ఆగక, ఏ ఒక్క గంటలోనైనా ఎంత పడవచ్చో కూడా లెక్కగట్టారు. ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కోవలసిన అవసరం లేకపోవడం వల్ల నేను వేరుగా చేసుకున్న లెక్కతో పోల్చి చూడడం సులువైంది.

కాంక్రీటు పోసే రోజుల్లో వారి ఇంజనీరు సైటులోనే ఉన్నారు. లెక్కలన్నీ క్యూబిక్ సెంటీమీటరుకు 2.35 గ్రాముల సాంద్రత మీద ఆధారపడినవి కాబట్టి, బలం పరీక్షకు తీసిన క్యూబులను ముందు తూకం వేయించారు. సెంట్రింగ్ పలకలను పట్టి ఉంచే టై రాడ్లకు ప్లాస్టిక్ గొట్టాలు తొడగనివ్వలేదు. ఆ గొట్టాలు గోడలో ఉండిపోతే ఇటు నుంచి అటు దాకా తిన్నని రంధ్రాలు మిగులుతాయి. పని ఆపక తప్పని చోట జాయింటు తిన్నగా కాకుండా మెట్టులా వచ్చేలా చూశారు. మేస్త్రీకి ఇవన్నీ చాదస్తంగా అనిపించినా, రేడియేషన్‌కు తిన్నని దారి దొరికితే ఎంత మందం పోసినా ఆ చోట ఉపయోగం ఉండదు.

ఇంత జాగ్రత్త ఉన్న సంస్థ ఏసీ డక్టుల దగ్గర మాత్రం చేతులు దులుపుకుంది. డక్టులు మేజ్ చివర, తలుపు పైభాగం నుంచి వెళ్లాలని వారి నివేదికలోనే ఉంది. అక్కడికి చేరే రేడియేషన్ పలుమార్లు చెదిరి శక్తి తగ్గినది కావడం వల్లా, ఎత్తున ఉండడం వల్లా అది సరైన చోటు. కానీ ఏసీ కాంట్రాక్టరు డ్రాయింగులో డక్టు దగ్గరి దారి పట్టి, కంట్రోల్ కన్సోల్ వెనుక ఉన్న సెకండరీ గోడను సూటిగా చీల్చుకుంటూ పోయింది. రెండు డ్రాయింగులనూ ఒకదాని మీద ఒకటి పరిచి చూసినప్పుడు ఇది నా కంటబడింది. అప్పటికి ఆ గోడకు కడ్డీలు కట్టడం పూర్తయి, కాంక్రీటు పోయడమే మిగిలింది. అడిగితే, ఏసీ డ్రాయింగుల పరిశీలన ఒప్పందంలో లేదన్నారు. కాగితం ప్రకారం అది నిజమే. కానీ గోడకు పడే ప్రతి రంధ్రమూ షీల్డింగ్‌లో భాగమే అయినప్పుడు, రంధ్రాలు ఎవరి డ్రాయింగులో ఉన్నాయో చూడని పర్యవేక్షణకు అర్థం ఏమిటి? డక్టును తలుపు పైకి మార్పించగలిగాం గానీ, ఆ హడావుడి తప్పించుకోదగినది. డోసిమెట్రీ (డోసు కొలిచే పరికరాల) కేబుళ్ల గొట్టాన్ని మాత్రం వారే ఏటవాలుగా, ప్రధాన పుంజం పడని గోడలో, సరిగ్గా పెట్టారు.

తలుపు, భద్రతా ఏర్పాట్ల గురించి ఫిర్యాదు లేదు. తలుపు తెరిస్తే పుంజం ఆగుతుంది. మూసినంత మాత్రాన తిరిగి మొదలవదు, కన్సోల్ నుంచి మళ్లీ ఆన్ చేయాలి. చివరగా బయటికి వచ్చేవారు గదంతా చూసి నొక్కవలసిన బటన్‌ను గది లోపలి మూలనే బిగించారు. కరెంటు పోతే తలుపును చేత్తో తెరవవచ్చు.

సర్వేలో ప్రధాన గోడలను ఫాంటమ్ (రోగి శరీరానికి బదులుగా పెట్టే దిమ్మ) లేకుండా, 40×40 సెంటీమీటర్ల ఫీల్డు పూర్తిగా తెరిచి కొలిచారు. మిగతా గోడలను ఫాంటమ్ పెట్టి కొలిచారు. రీడింగులన్నీ పరిమితుల్లోనే వచ్చాయి. అయినా డిజైన్ చేసినవారే సర్వే చేయడం నాకు సమ్మతం కాదు. ఆ ప్యాకేజీలో సర్వేను వదిలేసి, దాన్ని సంబంధం లేని మరో ఫిజిసిస్టుకు అప్పగించుకోవడం మేలు.

లెక్కల నాణ్యతకు, సైటు పనికి ఈ సంస్థను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పెద్ద ప్రాజెక్టుల్లో డ్రాయింగులన్నీ సమన్వయం చేసే ఇంజనీరు వేరుగా ఉంటే వీరు సరిపోతారు. అలాంటివారు లేని ఆసుపత్రులు మాత్రం, ఏసీ, కరెంటు, నీటి పైపుల డ్రాయింగులన్నిటిపైనా షీల్డింగ్ డిజైనర్ సంతకం పడనిదే కాంక్రీటు పోయరాదన్న షరతును ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. మా బ్రాకీథెరపీ (రేడియోధార్మిక మూలాన్ని శరీరం లోపల లేదా ఆనుకుని ఉంచి చేసే చికిత్స) గది పని కూడా వీరికే ఇచ్చాం, ఆ షరతుతోనే.