బండ నేలలో సెప్టిక్ ట్యాంకు: పన్నెండేళ్లు వాడాక

మహబూబ్‌నగర్ శివారులో మేం ఇల్లు కట్టుకున్నది 2012లో. కాలనీకి డ్రైనేజీ లైను లేదు. పక్కవాళ్లు సిమెంటు రింగులు దించి గుంతలు చేసుకుంటే మేం ఇటుకతో రెండు గదుల ట్యాంకు కట్టించాం. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఏడడుగులు తవ్వాలనుకున్నాం గానీ రెండడుగుల మొరం తీయగానే బండ తగిలింది. కంప్రెషర్ పెట్టి కొట్టించినా అయిదడుగుల దగ్గర ఆగిపోయాం. నీళ్లు నిలిచేది నాలుగడుగులు, అంటే సుమారు 3,600 లీటర్లు. ఇంట్లో ఆరుగురం. సైజు విషయంలో ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది పెట్టింది ట్యాంకులోంచి వచ్చే నీళ్లు భూమిలోకి ఇంకే ఇంకుడు గుంత. 2016 వానాకాలంలో లెట్రిన్‌లో పోసిన నీళ్లు గుడగుడమంటూ వెనక్కి రావడం మొదలైంది. అప్పటికి నాలుగేళ్లయినా ఒక్కసారీ మూత తీసి చూడలేదు. తీస్తే తెలిసింది, బయటికి పోయే పైపుకు మేస్త్రీ ‘టీ’, అంటే ఇంగ్లీషు T ఆకారంలో ఉండే పైపు ముక్క, పెట్టలేదని. ట్యాంకులో బరువైనదంతా అడుక్కి దిగుతుంది, జిడ్డు పైన తెట్టు కడుతుంది, మధ్యలో తేరిన నీళ్లు మాత్రమే బయటికి పోవాలి. టీ కింది కొస ఆ మధ్య నీళ్లలో మునిగి ఉంటేనే తెట్టు ఆగుతుంది. మాకు ఆగలేదు. నాలుగేళ్ల తెట్టు పోయి ఇంకుడు గుంతలో కంకర మొత్తం పూడిపోయింది. దానికి తోడు వాషింగ్ మెషిన్ నీళ్లు కూడా ట్యాంకులోకే వదిలాం. అన్ని నీళ్లు ఒక్కసారిగా వచ్చి పడితే మడ్డి దిగడానికి టైం ఎక్కడుంటుంది? టీ పెట్టించాం, కంకర మార్పించాం, మెషిన్ నీళ్లు వేరే గుంతకు మళ్లించాం. కట్టేటప్పుడే ఆ చిన్న పైపు ముక్క పెట్టించి ఉంటే ఇదంతా తప్పేది. కొత్తగా కట్టించేవాళ్లు ట్యాంకు మీద బిళ్లలు వేయకముందే, ఇంకా వాడకముందే, దిగి చూసుకోండి.

2020 అక్టోబరు వానలకు వాకిట్లో నీళ్లు నిలిచి, మూత సందుల్లోంచి ట్యాంకులోకి దిగాయి. ఆ తర్వాత మూతల చుట్టూ అర అడుగు గోడ లేపాం. మా బోరు ట్యాంకుకు అరవై అడుగుల దూరంలో ఉంది. అయినా తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లే. బండ నెర్రెల్లోంచి నీళ్లు ఎటు పారతాయో పైనుంచి కనబడదు కదా.

బ్యాక్టీరియా పౌడర్ ఏడాదిన్నర వాడాను. నెలకో ప్యాకెట్. మడ్డి పెరగడంలో నాకైతే తేడా కనిపించలేదు, ఆపేశాను. కావలసిన బ్యాక్టీరియా మలంలోనే ఉంటుంది, దాన్ని చంపకుండా ఉంటే చాలు. మా దగ్గర బోరు నీళ్లకు లెట్రిన్ కుండీల మీద తెల్లటి గార కడుతుంది, దానికి ఆసిడ్ బాటిళ్లకు బాటిళ్లు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. మేం మానేసి నిమ్మ ఉప్పు నానబెట్టి రుద్దుతున్నాం.

ఇక ట్యాంకు ఖాళీ చేసే ట్యాంకర్ బండి. 2016లో మొదటిసారి పిలిచినప్పుడు పైపుతో లాగింది పోను అడుగున గట్టిపడిన మడ్డి మిగిలింది. బండితో వచ్చిన పిల్లవాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, "అన్నా, ఇంకో అయిదొందలియ్యి, దిగి సాఫ్ చేస్త" అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. లోపల మీథేన్ ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. ఆ రెండోది ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియకుండా పోతుంది, మనిషి అక్కడే కూలిపోతాడు. కాపాడదామని దిగినవాళ్లూ అలాగే పోయిన సంగతులు ఎన్ని చదవలేదు! రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పైనుంచే నీళ్లు కొట్టి, పొడవాటి కర్రతో కలియబెట్టి మళ్లీ లాగించాం. గంట ఎక్కువ పట్టింది, దానికి ఆ అయిదొందలు అతనికే ఇచ్చాను. మూత తీసినప్పుడు బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వద్దు, పిల్లల్ని అసలే రానివ్వద్దు. బండివాణ్ణి ఎక్కడ పోస్తావని అడగండి. చెరువులో పోస్తానంటే ఇంకో బండిని పిలవండి.

అసలు నిండి పొంగేదాకా ఆగితేనే మడ్డి అలా గట్టిపడుతుంది. అందుకే ఏడాదికోసారి, ఉగాది ముందు, కొలుస్తాను. ఆరడుగుల వెదురు కర్రకు పాత తెల్ల పంచె గుడ్డ చుట్టి, మొదటి గదిలో అడుగు తగిలేదాకా దించి, కాసేపు ఉంచి మెల్లగా తీస్తే గుడ్డ మీద మడ్డి ఎంతవరకుందో నల్లగా తెలుస్తుంది. నాలుగడుగుల్లో మూడో వంతు, అంటే పదహారు అంగుళాలు, దాటితే బండిని పిలుస్తాను. మాకు దాదాపు మూడేళ్లకోసారి వస్తోంది. 2019లో, 2022లో పిలిచాం. రెండుసార్లూ మడ్డి పలచగానే ఉంది, పైపుతోనే మొత్తం వచ్చేసింది, ఎవరూ దిగాల్సిన మాటే రాలేదు. మొన్న కొలిస్తే పదకొండు అంగుళాలు. వచ్చే ఉగాదికి బండి పిలవాల్సి వస్తుందని గోడ మీద సుద్దతో రాసిపెట్టాను.