గంటసేపు చాలు: పెరుగు యంత్రం మీద ఒక రిటైర్డ్ టీచరు మాట

మా కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈ పెరుగు యంత్రం ఖరీదు రెండు వేలకు కాస్త లోపు. అయిదు నక్షత్రాలకు మూడు ఇస్తాను. తగ్గించిన రెండింటిలో ఒకటి దాంతోపాటు పెట్టెలో వచ్చిన చిన్న పుస్తకం పుణ్యం, ఇంకొకటి దాని మూత పుణ్యం. కంపెనీ పేరు చెప్పను. ఈ తరహా యంత్రాలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో వస్తున్నాయి కాబట్టి, మీరు ఏది కొన్నా నేను చెప్పబోయేది పనికొస్తుంది.

నేను తెనాలిలో హైస్కూల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. థర్మామీటరు ముంచి చూస్తే తప్ప వేడి గురించి ఎవరి మాటా నమ్మని అలవాటు ఉద్యోగంతోపాటు పోలేదు. పెరుగు విషయంలో అయితే అసలే పట్టింపు ఎక్కువ. కూర బాగా లేకపోతే పచ్చడితో సరిపెట్టుకుంటాను గానీ, చివర్లో పెరుగన్నం సరిగా లేకపోతే ఆ పూట భోజనం చేసినట్టే ఉండదు.

తెనాలిలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి యంత్రం ఒకటి ఉంటుందని కూడా తెలియదు. ఎండాకాలంలో తోడుపెట్టి బల్ల మీద వదిలేస్తే నాలుగైదు గంటల్లో గడ్డ కడుతుంది. ఇంకో రెండు గంటలు ఏమరితే పుల్లబడుతుంది. అక్కడ మా తాపత్రయమంతా పెరుగు పులిసిపోకుండా కాచుకోవడమే. బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పదిహేను డిగ్రీల దాకా దిగుతుంది. వంటగట్టు మీది గ్రానైట్ రాయి అంతకన్నా చల్లగా తగులుతుంది. రాత్రి తోడుపెట్టిన పాలు పొద్దునకీ పాలలాగే ఉంటాయి. లేదంటే తోడుకున్నట్టే కనిపించి, చెంచాతో ఎత్తగానే జిగురుగా తీగ సాగుతాయి. సాగే పెరుగును మా ఇంట్లో ఎవరూ ముట్టరు. తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టడం, హాట్‌ప్యాకులో పోయడం లాంటివన్నీ నేను చేస్తుంటే చూడలేక, "అత్తయ్యా, దీనికో మిషను ఉంటుంది, నేను తెప్పిస్తాను ఉండండి" అంది మా కోడలు.

యంత్రం చూడటానికి చిన్న రైస్ కుక్కరులా ఉంటుంది. బయట ప్లాస్టిక్ తొడుగు, లోపల లీటరు పట్టే స్టీలు గిన్నె, పైన లోపలికి కనిపించే మూత. ఎన్ని గంటలు నడవాలో పెట్టే మీట ముందువైపు ఉంది. అడుగున 15 వాట్లు అని రాసి ఉంది. అంటే ఎనిమిది గంటలు నడిచినా యూనిట్‌లో ఎనిమిదో వంతు కరెంటు కూడా కాలదు, రూపాయి ఖర్చు కూడా కాదు. కరెంటు బిల్లు గురించి భయపడేవాళ్ళు ఆ భయం వదిలేయవచ్చు. గిన్నె స్టీలుది కావడం నాకు నచ్చింది. ప్లాస్టిక్ గిన్నెలైతే కొన్నాళ్ళకు పులుపు వాసన పట్టి ఎంత తోమినా వదలదు.

ఇక ఆ పుస్తకం సంగతి. ప్యాకెట్ పాలు కాచనక్కర్లేదు, నేరుగా పోసేయమంటుంది. లీటరుకు మూడు పెద్ద చెంచాల పెరుగు కలపమంటుంది. పది గంటలు పెట్టమంటుంది. మూడింటికీ నేను ఎర్రసిరా గుర్తు పెడతాను.

ప్యాకెట్ పాలను పాశ్చురైజ్ చేసే ఉంటారు, తాగడానికి అది చాలు. పెరుగుకు చాలదు. పాలలోని తేట భాగంలో కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. పాలు 85 డిగ్రీలు దాటి కాసేపు కాగితే అవి మడతలు విప్పుకుని కేసీన్ అనే అసలు ప్రొటీనుకు అతుక్కుంటాయి. తరవాత పాలు పులిసి, పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ దిగే కొలత) 4.6 దగ్గరికి దిగేసరికి కేసీన్ గడ్డ కడుతుంది. అతుక్కున్న ప్రొటీన్ల వల్ల ఆ గడ్డ అల్లిక దట్టంగా ఉండి, నీటిని తనలోనే పట్టి ఉంచుతుంది. కాచని పాలతో చేస్తే చెంచా దిగగానే పెరుగు ఒకవైపు, పలచటి నీళ్ళు ఇంకోవైపు అవుతాయి. మన ఊళ్ళలో దాలిలో పిడకల సెగ మీద పాలకుండ మధ్యాహ్నం దాకా కాగేది. ఆ పెరుగు గట్టిదనానికి గేదె ఎంత కారణమో ఆ దాలి కూడా అంత కారణం. గ్యాసు పొయ్యి మీద పొంగు వచ్చాక సెగ తగ్గించి, పది నిమిషాలు కలుపుతూ ఉంచితే చాలు. ఆ పది నిమిషాలకు బద్ధకించేవాళ్ళు ఈ యంత్రం జోలికి పోవద్దు, దుకాణంలో కప్పు పెరుగు కొనుక్కోండి.

పాలు ఏవి అన్నది కూడా యంత్రం కన్నా పెద్ద విషయం. ప్యాకెట్ మీద టోన్డ్ అని ఉంటే మూడు శాతం వెన్న, ఎనిమిదిన్నర శాతం వెన్నేతర ఘనపదార్థాలు ఉండాలని నిబంధన. ఫుల్ క్రీమ్ అంటే ఆరు, తొమ్మిది శాతాలు. పైగా బెంగళూరులో మాకు దొరికేవి ఎక్కువగా ఆవుపాలు. తెనాలి గేదెపాల పెరుగులా గరిటె తీసిన చోట గుంట గుంటగానే ఉండాలంటే టోన్డ్ ఆవుపాలతో ఏ యంత్రమూ చేయలేదు. మేము టోన్డ్, ఫుల్ క్రీమ్ సగం సగం కలుపుతున్నాం. మా అబ్బాయి బరువు గురించి కోడలు పెట్టిన షరతు అది.

తోడు సంగతికి వస్తే, మూడు పెద్ద చెంచాలు చాలా ఎక్కువ. లీటరుకు ఒక చిన్న చెంచా చాలు, బాగా చలిగా ఉంటే రెండు. తోడు ఎక్కువైతే పెరుగు త్వరగా పులుస్తుంది, నోట్లో పిండి పిండిగా తగులుతుంది. తోడును ముందు గిన్నెలో చిదిపి, రెండు గరిటెల గోరువెచ్చని పాలతో కలిపి, అప్పుడు మిగతా పాలలో పోసి ఒకసారి తిప్పాలి. ఆ తరవాత గిన్నె కదపకూడదు.

నేను గంటగంటకూ థర్మామీటరు పెట్టి చూసింది ఆ పది గంటల లెక్క ఏమిటో తేల్చడానికే. పాలు 35 డిగ్రీల దగ్గర పోసి మీట నొక్కితే గంటకు 40 దాకా వెళ్తాయి, రెండు గంటలకు 43 చేరతాయి. ఆపైన యంత్రం ఆగేదాకా అక్కడే నిలబడతాయి. ఇది పొరపాటున వచ్చిన వేడి కాదు, కావాలని పెట్టినది. విదేశాల్లో యోగర్ట్ అనే పేరుతో అమ్మే దాన్ని తోడుపెట్టే సూక్ష్మజీవులు రెండు. ఒకటి స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్. రెండోది లాక్టోబాసిలస్ బల్గారికస్. (ఈ రెండోదాన్ని 1905లో జెనీవాలో చదువుకుంటున్న స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు కనిపెట్టాడు. తన ఊరి పెరుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసుకున్నవాడంటే నాకు గౌరవం.) ఆ రెండింటికీ 42, 43 డిగ్రీలంటే పండగే. మన ఇళ్ళలో తరాలుగా తిరుగుతున్న తోడులో వీటితోపాటు లాక్టోకాకస్, ల్యూకోనోస్టాక్ జాతులవి కూడా ఉంటాయి. వాటికి ఇరవై అయిదు, ముప్పై డిగ్రీలు హాయి. నలభై దాటితే అవి పెరగవు. పెరుగులో వెన్న వాసన అని మనం అనుకునేది డైఅసిటైల్ అనే పదార్థం వల్ల వస్తుంది. దాన్ని ఎక్కువగా తయారుచేసేవి ఈ చల్లటి వేడి కోరేవే.

పుస్తకం చెప్పినట్టు పది గంటలు పెట్టిన పెరుగు గట్టిగా, తెల్లగా, అందంగా వచ్చింది. రుచిలో పులుపు మాత్రం సూటిగా, కొసన పదునుగా తగిలింది. అదే పెరుగును మర్నాటికి తోడుగా వాడి, దాన్ని ఆ మర్నాటికి వాడుతూ పోతే ఆ తేడా పెరుగుతూ వచ్చింది. యంత్రం వేడికి తట్టుకున్నవే తోడులో మిగులుతున్నాయని నాకు అర్థమైంది. కమ్మదనం పోయింది. కోడలికి ఆ తేడా పెద్దగా తెలియలేదు, తను హాస్టలు పెరుగు తిని పెరిగిన పిల్ల. మా అబ్బాయి మాత్రం రెండు ముద్దలు తిని, "అమ్మా, ఇది మన తోడేనా?" అని అడిగాడు.

అందుకని నేను చేస్తున్నది ఇది. కాచిన పాలు 35 డిగ్రీలకు ఆరనిస్తాను. థర్మామీటరు లేనివాళ్ళు వేలు ముంచి చూస్తే వెచ్చదనం తెలిసీ తెలియనట్టు ఉండాలి. తోడు కలిపి, యంత్రంలో పెట్టి, ఒక్క గంట నడిపి ప్లగ్గు తీసేస్తాను. మూత తీయను. రెండు పొరల తొడుగు వల్ల ఆ వేడి నెమ్మదిగా దిగుతూ, అయిదారు గంటలకు ముప్పైకి వస్తుంది. మరీ చలిగా ఉన్న రోజుల్లో పడుకోబోయే ముందు ఇంకో అరగంట నడుపుతాను. ఏడెనిమిది గంటలకు పెరుగు సిద్ధం. మీగడ పక్కకు జరిపి చెంచా దింపితే తెగిన అంచు నున్నగా, మెరుస్తూ నిలబడుతుంది. ఆ గుంటలో నీరు ఊరడానికి చాలాసేపు పడుతుంది. ముక్కుకు ముందు వెన్న వాసన తగిలి, ఆ తరవాతే పులుపు తెలుస్తుంది. నాకు కావలసింది అదే.

గంటే నడిపేదానికి ఇంత యంత్రం ఎందుకు, హాట్‌ప్యాకు చాలదా అని మా వియ్యపురాలు ఫోనులో అడిగింది. న్యాయమైన ప్రశ్న. వరంగల్‌లో ఉన్న ఆవిడకు హాట్‌ప్యాకు చాలు, ఎండాకాలంలో అది కూడా అక్కర్లేదు. ఇక్కడి చలిలో మాత్రం హాట్‌ప్యాకు త్వరగా చల్లారిపోతుంది. దాన్ని మళ్ళీ వేడి చేయాలంటే గిన్నె తీయాలి, కదపాలి. సగం తోడుకున్న పెరుగు కదిలితే విరిగి నీళ్ళు వదులుతుంది. గిన్నె కదపకుండా అరగంట వేడి చేర్చగలగడం ఒక్కటే ఈ యంత్రం గొప్ప. దానికోసం రెండు వేలు ఎక్కువే గానీ, దండగ కాదు.

మూత సంగతి చెప్పాలి. లోపలికి కనిపించాలని చదునుగా చేశారు. పాల ఆవిరి దాని అడుగున చెమటలా పట్టి, చుక్కలుగా మీగడ మీద పడుతుంది. పడిన చోటల్లా చిన్న చిన్న గుంటలు, వాటిలో నీరు. గిన్నె మీద పలచటి నూలుగుడ్డ కట్టి, ఆపైన మూత పెడితే ఆ బాధ తప్పింది. మూత కాస్త గుమ్మటంలా చేసి ఉంటే ఆ నీరు అంచులకు జారిపోయేది. కంపెనీలో ఇంట్లో పెరుగు తోడుపెట్టే మనిషి ఒక్కరున్నా ఈ సంగతి ముందే చెప్పి ఉండేవారు.

ఇంకా రెండు చికాకులున్నాయి. గంటలు పూర్తయితే ఇది ఆగకుండా కీచుమంటుంది, ఆ శబ్దాన్ని ఆపే వీలు లేదు. రాత్రి ఎనిమిదికి పది గంటలు పెట్టుకున్నవాళ్ళను పొద్దున ఆరింటికి లేపుతుంది. ఇంకొకటి, మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్ళీ తనంతట తాను మొదలవదు, గడియారం సున్నాకు వెళ్ళి కూర్చుంటుంది. నా పద్ధతిలో గంటే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. పొద్దున తోడుపెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయేవాళ్ళు సాయంత్రం వచ్చి పాలు చూసుకోవలసి వస్తుంది.

పుస్తకం చెప్పిన పద్ధతి పూర్తిగా పనికిరాదని మాత్రం అనను. మా కోడలు ఆదివారాలు పది గంటలు నడిపి, ఆ పెరుగును గుడ్డలో వేసి ఫ్రిజ్‌లో వడకడుతుంది. గ్రీక్ యోగర్ట్ అంటుంది. పండ్ల ముక్కలు కలిపి తినడానికి ఆ గట్టి పెరుగే బాగుంటుంది, ఒప్పుకుంటాను. దానికి తోడుగా దుకాణం పెరుగు వాడమని చెప్పాను. ఇంటి తోడు గిన్నె వేరు, ఆ గిన్నె వేరు. రెండూ కలపకూడదన్నది మా ఇంట్లో ఇప్పుడు రాతపూర్వకంగా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. వడకట్టగా దిగిన తేటనీటిని పారబోయనివ్వను, చపాతీ పిండి కలపడానికి వాడతాను. పిండి మెత్తగా వస్తుంది.

బెంగళూరు, ఊటీ లాంటి చోట్ల ఉన్నవాళ్ళు, అమెరికా, ఇంగ్లండు చలిలో ఉన్న పిల్లలు కొనుక్కోవచ్చు. హైదరాబాదులో అయితే చలికాలం రెండు నెలల కోసం కొనమని నేను చెప్పను. కోస్తాలో ఉన్నవాళ్ళు అసలు ఆలోచించనక్కర్లేదు. కొనేవాళ్ళు ఆర్డరు పెట్టేముందు మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు విడిగా దొరుకుతుందో లేదో అమ్మేవాళ్ళను అడగండి. మాది అప్పుడే వదులైంది, రింగు ఒక్కటే పంపమంటే మూతతో సహా కొనమంటున్నారు.