జైలు మండీ ఫ్రాంచైజీకి అడ్వాన్స్ కట్టబోతున్నారా? ఒక్క రోజు ఆగి ఇది చదవండి

ముందే చెప్తున్నా, పోస్టు కొంచెం పెద్దది. పేరు మాత్రం రాయను, నోటీసులు నడుస్తున్నాయి, లాయర్ వద్దన్నారు. హైదరాబాద్‌లో రెండు జైలు థీమ్ మండీ హోటళ్లు పెట్టి, అవి బాగా ఆడేసరికి ఆ ఊపులో జిల్లాలకు ఫ్రాంచైజీలు అమ్మడం మొదలుపెట్టిన ఒకాయన దగ్గర నేను ఖమ్మం అవుట్‌లెట్ తీసుకున్నాను. వైరా రోడ్డులో పద్నాలుగు నెలలు నడిపి షట్టర్ దించేశాను. ఇప్పుడు అదే ప్యాకేజీ ఇంకో నాలుగు ఊళ్లకు అమ్ముతున్నారని తెలిసి రాస్తున్నా.

ఆయన మొదటి హోటల్ నిజంగానే బాగుంటుంది, అది కాదనను. మండీ అంటే బార్కస్ నుంచి నగరమంతా పాకిన యెమెన్ వంట, పెద్ద పళ్లెం మధ్యలో పెట్టుకుని నలుగురూ కలిసి తినేది. దానికి చువ్వల గదులు, ఖైదీ చారల చొక్కాలేసుకున్న వెయిటర్లు, పిల్లలకు ప్లాస్టిక్ బేడీలు కలిపారు, జనం ఎగబడ్డారు. నేను చూడ్డానికి వెళ్లిన మూడు సార్లూ శనివారం రాత్రే, బయట నలభై నిమిషాల వెయిటింగ్. మంగళవారం మధ్యాహ్నం ఒకసారి వెళ్లి చూడాలన్న బుద్ధి పుట్టలేదు. వాళ్లూ పిలవలేదనుకోండి.

ఫ్రాంచైజీ ఫీజు 8 లక్షలు, ఇంటీరియర్ ప్యాకేజీ 22 లక్షలు. ఇంటీరియర్ వాళ్ల మనుషులే చేయాలి, బయటివాళ్లు కుదరదు. "బ్రదర్, లుక్ మారితే బ్రాండ్ పోతుంది" అన్నాడు. సరే అన్నా. ఇక్కడ ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. ఈ రెండింటి మీద 18 శాతం జీఎస్టీ, అంటే 5 లక్షల 40 వేలు అదనం. మామూలు వ్యాపారంలో అయితే అది ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వెనక్కి వస్తుంది. మనలాంటి హోటల్ కస్టమర్ దగ్గర 5 శాతమే వసూలు చేస్తుంది, ఆ 5 శాతం పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. ఆ డబ్బు పోయినట్టే. నాకిచ్చిన ఎక్సెల్ షీట్‌లో "పెట్టుబడి 30 లక్షలు, 18 నెలల్లో రికవరీ" అని రాసుంది, ఈ ఐదున్నర లక్షల ఊసే లేదు. మా ఆడిటర్ చూసి నవ్వాడు, అప్పటికి సంతకాలు అయిపోయాయి.

జైలు గదుల సంగతి చెప్తా. ప్యాకేజీలో గదులకు మాత్రమే 4 లక్షల 60 వేలు వేశారు. వచ్చాక చూస్తే పల్చటి చదరపు పైపులకు నల్ల పెయింట్. మా ఊరి వెల్డర్ వేలితో తట్టి, "దీనికంటే మంచి ఇనుముతో 85 వేలకు చేసిచ్చేవాణ్ణి కదా సార్" అన్నాడు. కడుగుడు నీళ్లు తగిలిన చోటల్లా రెండో నెలకే తుప్పు. మూడో నెలలో ఒక ఆదివారం ఒక పిల్లాడు సరదాగా లోపలి నుంచి తలుపు గడియ వేశాడు, అది బిగుసుకుపోయింది. లోపల ఆరుగురు, అందులో ఒక ముసలావిడ. హ్యాక్సా బ్లేడుతో కోసి బయటికి తీసేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. హాల్లో వాళ్లంతా అదేదో షో అనుకుని వీడియోలు తీశారు. ఆ గది అవతలే నా వంటగది, తందూర్, సిలిండర్లు. నాకు చెమటలు పట్టేశాయి. ఆ రాత్రే గడియలన్నీ పీకించేశాను. మర్నాడు కంపెనీ నుంచి మెయిల్: థీమ్ మార్చినందుకు వివరణ ఇవ్వాలట!

అసలు దెబ్బ సీట్ల దగ్గర పడింది. మామూలుగా టేబుళ్లు వేస్తే 90 మంది కూర్చునే హాలు, గదులు కట్టాక 54కి వచ్చింది. ఆరుగురి గదిలోకి ఇద్దరే వచ్చి, బేడీలు వేసుకుని ఫొటోలు దిగి, ఒక మినీ మండీ చెప్పి గంటన్నర కూర్చుంటారు. లేవమనలేం కదా. మొదటి రెండు నెలలు ఊరంతా వచ్చింది. ఆ తర్వాత ఫొటో దిగినవాడు మళ్లీ ఫొటో కోసం రాడు, తిండి కోసం రావాలి. తిండేమో నా చేతిలో లేదు.

మసాలా, సాస్, మయొనీస్ అన్నీ వాళ్ల సెంట్రల్ కిచెన్ నుంచే తీసుకోవాలి, వాళ్లు చెప్పిన రేటుకే. ఒక వారం బస్సు పార్సిల్‌లో వచ్చిన మసాలా ప్యాకెట్లు తిప్పి చూశా. తయారీ తేదీ లేదు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరూ లేదు. రేపు ఫుడ్ సేఫ్టీ వాళ్లు వచ్చి శాంపిల్ తీస్తే లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంది? నా పేరు మీద. ఫోన్ చేస్తే "అది ఇంటర్నల్ సప్లై బ్రదర్, లేబుల్ అక్కర్లేదు" అన్నాడు. వేరే కంపెనీ వాళ్లు ప్యాక్ చేసి బిల్లు వేసి అమ్ముతుంటే ఇంటర్నల్ ఏమిటో! నంబరు ఇచ్చినా ఊరుకోకండి, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ల ఫోస్కోస్ సైట్‌లో కొడితే ఆ లైసెన్స్ ఎవరిదో, బతికుందో లేదో వస్తుంది.

రాయల్టీ, అంటే అమ్మకాల్లో ప్రతినెలా వాళ్లకిచ్చే వాటా, 6 శాతం అని ఒప్పందంలో ఉంది, దేని మీద అన్నది చిన్న అక్షరాల్లో ఉంది. గ్రాస్ మీద, అంటే డిస్కౌంట్ తీయకముందు రేటు మీద. యాప్‌లో 400 రూపాయల మండీ ఆఫర్‌లో 280కి పోయేది, యాప్ కమీషన్, ప్యాకింగ్ పోగా నా చేతికి 200 అటూ ఇటూగా వచ్చేది. రాయల్టీ మాత్రం 400 మీద 24 రూపాయలు, దాని మీద జీఎస్టీ కలిపి 28 రూపాయల 32 పైసలు. ఆ 200లోంచే చికెన్, బియ్యం, గ్యాస్, జీతాలు, అద్దె.

ఇక ఏరియా హక్కు. "3 కిలోమీటర్ల లోపు ఈ బ్రాండ్ పేరుతో ఇంకో అవుట్‌లెట్ ఇవ్వము" అని రాశారు. పదో నెలలో కిలోమీటరున్నర దూరంలో పోలీస్ స్టేషన్ థీమ్‌తో ఒక మండీ తెరుచుకుంది. వెళ్లి తిన్నా, అదే మసాలా, అదే మయొనీస్, యూనిఫామే వేరు. ఓనర్ కుర్రాడిని అడిగితే ఆయన దగ్గరే కొన్నాడు, పాపం వాడూ అప్పు చేసే తెచ్చాడు. "పేరు వేరు కదా బ్రదర్, అగ్రిమెంట్ చదువుకోండి" అన్నది నాకొచ్చిన జవాబు.

అప్పుడు వెతకడం మొదలుపెట్టా, ముందే చేయాల్సిన పని. ట్రేడ్‌మార్క్ సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉచితం, హోటళ్లది క్లాస్ 43. మా బ్రాండ్ పేరు కొడితే స్టేటస్ "ఆబ్జెక్టెడ్" (అభ్యంతరం పెట్టారు) అని ఉంది. అంటే నేను 8 లక్షలిచ్చి కొన్న పేరు ఇంకా వాళ్లదే కాలేదు. బోర్డు మీద టీఎం అని ఎవరైనా వేసుకోవచ్చు, సున్నాలో ఆర్ ఉంటేనే రిజిస్టర్ అయినట్టు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో కంపెనీ పేరు కొడితే పుట్టిన తేదీ కూడా వచ్చింది. నాతో సంతకం చేసిన కంపెనీ వయసు అప్పటికి పదకొండు నెలలు, బాగా ఆడే ఆ రెండు హోటళ్లు అసలు ఆ కంపెనీ కిందే లేవు. వాటి లాభనష్టాలు చూపించమని ఇంకెలా అడుగుతాం?

డాలస్‌లో ఉండే మా బావ ఇదంతా విని ఆశ్చర్యపోయాడు. అక్కడ ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి, డబ్బుకి కనీసం 14 రోజుల ముందు తన కేసులు, మూతపడ్డ అవుట్‌లెట్లతో సహా వివరాలన్నీ కాగితం మీద ఇవ్వాలట. మనకి ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టమే లేదు. థీమ్ హోటళ్లు బోల్తా పడటం అక్కడా మామూలేలెండి, 1991లో హాలీవుడ్ హీరోలను వెంటేసుకుని న్యూయార్క్‌లో మొదలైన ప్లానెట్ హాలీవుడ్ ఊరూరా శాఖలు తెరిచి 1999 కల్లా దివాలా పిటిషన్ వేసింది. నేను కన్జ్యూమర్ ఫోరమ్‌కి పోదామనుకున్నా. 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం తీసుకున్న సర్వీసు అయితే మనం వినియోగదారుల కిందకు రాము, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే అని నిరూపించుకోవాలి, పన్నెండు మందికి జీతాలిచ్చి ఆ మాట చెప్పడం కష్టం అన్నారు లాయర్. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) హైదరాబాద్‌లోనే, ఖర్చు చెరి సగం.

ఆయనకి వంట రాదని కాదు, మోసగాడనీ నేను అనట్లేదు. కానీ లెక్క వేసి చూడండి, నా అవుట్‌లెట్ పద్నాలుగు నెలలు నడిస్తే ఆయనకొచ్చిన రాయల్టీ మొత్తం కంటే తెరిచిన రోజుకే ఆయన వెనకేసుకున్నది ఎక్కువ. ఇంక నేను నడిస్తే ఆయనకేం, మూస్తే ఆయనకేం? మీకు అమ్మేవాడిని ఒకటే అడగండి, "ఇప్పటిదాకా తెరిచినవెన్ని, మూసినవెన్ని, మూసినవాళ్ల నంబర్లు ఇవ్వండి" అని. నడుస్తున్నవాళ్ల నంబర్లు అడక్కుండానే ఇస్తారు.

మేం మూసి నాలుగు నెలలు. చువ్వలు తుక్కు కింద కిలోల లెక్కన పోయాయి. వాళ్ల బ్రోషర్‌లో మాత్రం ఖమ్మం బ్రాంచ్ ఇంకా "సక్సెస్‌ఫుల్‌గా" నడుస్తోంది. ఎనిమిదో పేజీలో పూలదండల మధ్య తెల్ల చొక్కా వేసుకుని రిబ్బన్ కట్ చేస్తున్న పెద్దాయన ఫొటో మీకూ చూపిస్తారు. ఆయన మా నాన్న. కత్తెరకి రిబ్బన్ సరిగా తెగక రెండుసార్లు కట్ చేశాడు. ఆ ఫొటో తీసేయమని ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను.