పోర్టబుల్ టాయిలెట్: కొరాపుట్ ఘాట్ల మీద వాడాక

ఒడిశాలోని జయపురం నుంచి దేవ్‌మాలి శిఖరానికి (1,672 మీటర్ల ఎత్తు) వెళ్దామంటే మా అత్తయ్యగారికి ఒకటే టెన్షన్, దారిలో బాత్రూం ఎలాగని. అందుకే వ్యాన్‌లోకి ఇది కొన్నాం. పైన నీళ్ల ట్యాంకు, కింద 20 లీటర్ల మురుగు ట్యాంకు, రెండింటి మధ్య లాగి తెరిచే పలక. మోకాళ్ల నొప్పులున్న ఆవిడ హాయిగా కూర్చోగలిగారు. సగం మార్కులు దానికే.

ఘాట్ ఎక్కాక మాత్రం జాగ్రత్త. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, ట్యాంకులో బిగుసుకున్న గాలిది తగ్గదు. పలక ఒక్కసారిగా లాగితే చిమ్ముతుంది. సీటు మూత వేసి, పలక కొంచెం జరిపి, గాలి పోయాకే వాడాలి. ఇది డబ్బా మీద పెద్దక్షరాలతో రాయొద్దూ!

కింది ట్యాంకులో వాసన రాకుండా వేసే టాయిలెట్ మందు, కాసిని నీళ్లు ముందే పోస్తే వాసన పెద్దగా లేదు. బ్లీచింగ్ జోలికి పోకండి, రబ్బరు సీలు పాడవుతుంది. సీలుకి సిలికాన్ స్ప్రే చాలు.

నిండితే 20 కిలోల పైమాటే, మోసేది మా ఆయనే. ఒంపడం ఇంటి లెట్రిన్‌లోనే, వాగుల్లో కాదు. నిండినట్టు చూపే గుర్తు చీకట్లో కనబడదు, ఒక స్టార్ కట్.