జాగ్రత్త: తెల్ల ప్లేటు కారు అద్దెకు తీసుకుని శ్రీశైలం దారి పట్టొద్దు

హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని ఇంటిల్లిపాదీ నాలుగూళ్లు తిరిగొద్దామని అనుకుంటున్నవాళ్లు అడ్వాన్స్ కట్టేముందు దయచేసి ఇది చదవండి. ఇంటి ముందుకు వచ్చిన కారుకు తెల్ల నంబర్ ప్లేటు ఉంటే, అద్దె ఎంత తక్కువైనా సరే, తాళం చేతిలోకి తీసుకోవద్దు. మా అమ్మానాన్నల్ని, పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుని అలాంటి కారులోనే నల్లమల అడవిలో ఇరుక్కుపోయాం. ప్రాణాలతో బయటపడ్డాం కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను.

ముందు ప్లేట్ల సంగతి. మనమే నడుపుకునేందుకు అద్దెకిచ్చే కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. డ్రైవర్‌తో వచ్చే టాక్సీకి పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలు. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టర్ అయిన కారు. దాన్ని అద్దెకు తిప్పడానికి పర్మిట్ ఉండదు, బీమా కూడా అద్దెకు వర్తించదు. నగరంలో అయితే ఎవరూ ఆపరు, అడగరు. అందుకే చాలామందికి ఇదో విషయంగానే కనిపించదు. ఊరు దాటాక, ఏదైనా జరిగాక తెలుస్తుంది దాని అసలు రంగు.

మేం పెట్టుకున్న ప్లాన్ శ్రీశైలం, అక్కణ్ణుంచి దోర్నాల, ఆత్మకూరు మీదుగా మహానంది, అహోబిలం. కారు అద్దెకిచ్చే అతని ఆఫీసుకు ముందురోజు సాయంత్రమే వెళ్లాను. నల్ల ప్లేటు కారు చూపించాడు. బండి శుభ్రంగా ఉంది, టైర్లు బాగున్నాయి. డిపాజిట్ కింద 15,000 రూపాయలు ఫోన్‌లో వేయించుకున్నాడు. దానికి తోడు నా బైక్, దాని ఒరిజినల్ ఆర్‌సీ అక్కడే వదిలి వెళ్లాలన్నాడు. హైదరాబాద్‌లో ఈ పద్ధతి చాలాచోట్ల ఉంది. డబ్బు పడింది అతని సొంత ఖాతాలో. బిల్లు అడిగితే, కారు తిరిగి అప్పజెప్పినప్పుడు అన్నీ కలిపి ఇస్తానన్నాడు.

తెల్లవారుజామున ఐదింటికి వాళ్ల కుర్రాడు తెచ్చిన కారు వేరేది. తెల్ల ప్లేటు. "అన్నా, మీరు చూసిన బండి రాత్రి సర్వీసుకు పోయింది. ఇది దానికంటే మంచిది, పైసలు ఎక్కువేం తీసుకోం" అన్నాడు. ఓనరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సామాను గేటు దగ్గరికి వచ్చేసింది, మోకాళ్ల నొప్పులున్న అమ్మ మెట్లు దిగి వచ్చి నిలబడింది, శ్రీశైలంలో గది, దర్శనం టికెట్లు ముందే బుక్ అయి ఉన్నాయి. డిపాజిట్, బైక్ వాళ్ల దగ్గర. ఆ టైముకి మన చేతిలో ఏముంటుంది? బండి మార్చడానికి వాళ్లు ఆ వేళనే ఎంచుకునేది ఇందుకే. వెళ్తూ వెళ్తూ ఆ కుర్రాడు ఇంకో మాట చెప్పాడు: "చెక్‌పోస్ట్ దగ్గర ఎవరన్న అడిగితే దోస్త్ కారని చెప్పుండ్రి, ఏం కాదు."

ఈ మాట గుర్తు పెట్టుకోండి. కారు ఇచ్చేవాడి నోట ఇది వచ్చిందంటే, ఆ కారును అద్దెకివ్వడం తప్పని అతనికి ముందే తెలుసన్నమాట. పట్టుబడితే అబద్ధం చెప్పాల్సింది మాత్రం మనం.

శ్రీశైలం దారి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగితే కడ్తాల్, ఆమనగల్, డిండి వరకు హాయిగా సాగుతుంది. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ గేటు మూసేస్తారు. లోపల చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు, మెకానిక్ షెడ్డు లాంటిది కంటికి కనిపించదు. కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్. అక్కణ్ణుంచి దోర్నాల దాకా ఘాట్, ఆ తర్వాత ఆత్మకూరు వైపు మళ్లీ అడవే. అంటే బండి మీద నమ్మకం లేకుండా వెళ్లకూడని దారి అది.

శ్రీశైలం వరకు ఏ ఇబ్బందీ రాలేదు, దర్శనం బాగా జరిగింది. మర్నాడు మధ్యాహ్నం దోర్నాల దాటి ఆత్మకూరు రోడ్డులో వెళ్తుంటే ముందు ఎడమ టైరు పేలిపోయింది. బండి వేగంగా లేదు. అయినా స్టీరింగ్ ఒక్కసారిగా గుంజేసి, కారు రోడ్డు దిగి అంచున ఉన్న రాయికి కొట్టుకుని ఆగింది. బంపర్ ఊడి వేలాడింది, ఫెండర్ లోపలికి నొక్కుకుపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పిల్లాడు మాత్రం చాలాసేపు ఏడుపు ఆపలేదు. డిక్కీ తెరిచి చూస్తే స్టెప్నీలో గాలి లేదు. జాకీ ఉంది గానీ దాన్ని తిప్పే రాడ్ లేదు. సిగ్నల్ లేదు. అటు చూసినా ఇటు చూసినా అడవే. రాత్రయితే ఈ రోడ్డు గేట్లు కూడా మూసేస్తారు. వచ్చే పోయే బండ్లూ తక్కువే.

ఆత్మకూరు వైపు వెళ్తున్న ఒక బొలెరో ఆయన ఆగాడు. పేరు కూడా అడగలేకపోయాను, ఆయన మేలు మాత్రం ఈ జన్మకు మరిచిపోను. స్టెప్నీతో సహా నన్ను బండిలో ఎక్కించుకుని ఆత్మకూరు తీసుకెళ్లి, పంక్చర్ వేయించి, గాలి పట్టించి, మళ్లీ వెనక్కి తెచ్చి టైరు బిగించేదాకా ఉన్నాడు. ఆ సేపంతా అమ్మానాన్నలు, నా భార్య, పిల్లాడు కారు అద్దాలు ఎక్కించుకుని అడవిలో కూర్చున్నారు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. ఆత్మకూరులో సిగ్నల్ రాగానే ఓనరుకు ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి ప్రశ్న: "బంపర్ మొత్తం పోయిందా? ఫోటోలు పెట్టు." మనుషులు ఎలా ఉన్నారని అడగలేదు.

పేలిన టైరు పక్కన 2316 అని నాలుగు అంకెలు ఉన్నాయి. పంక్చర్ షాపాయన చూపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంటే 2016లో 23వ వారంలో తయారైన టైరు. పైకి గాట్లు బాగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి పగుళ్లు బారి ఉంటుంది. ఎండలో, నిండా మనుషులతో, సామానుతో వెళ్తే అది ఎప్పుడైనా పేలొచ్చని ఆయన అన్నాడు. ప్రతి టైరు మీదా ఈ అంకెలు ఉంటాయి, చూడటానికి నిమిషం పట్టదు.

మహానంది, అహోబిలం మానుకుని మెల్లగా ఇంటికి వచ్చేశాం. అసలు కథ ఇక్కడ మొదలైంది. బంపర్, ఫెండర్, పెయింటింగ్, అలైన్‌మెంట్, వీటికి తోడు బండి షెడ్డులో ఉన్నన్ని రోజుల అద్దె. డిపాజిట్ పోను ఇంకో 38,000 ఇస్తేనే బైక్ ఇస్తానన్నాడు. టైరు పాతదంటే వినడు, స్టెప్నీలో గాలి లేదంటే వినడు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయండి, నా వంతు ఎంతైతే అంత కడతానన్నాను. "అది కుదరదు" అన్నాడు.

ఎందుకు కుదరదో తర్వాత అర్థమైంది. కారు పాలసీ కాగితంలో బండిని ఎందుకు వాడొచ్చో, ఎందుకు వాడకూడదో రాసి ఉంటుంది. ప్రైవేటు కారు పాలసీలో, అద్దెకు ఇచ్చినప్పుడు వర్తించదని స్పష్టంగా ఉంటుంది. అద్దెకు తిప్పుతున్నారని తెలిస్తే కంపెనీ రిపేరు డబ్బు ఇవ్వదు. మా విషయంలో పోయింది బంపర్. అదే బండి ఎవరైనా మనిషికి తగిలి ఉంటే? అలాంటి కేసుల్లో కోర్టులు చాలాసార్లు ముందు బాధితులకు పరిహారం ఇమ్మని, తర్వాత ఆ డబ్బు ఓనరు దగ్గర రాబట్టుకొమ్మని బీమా కంపెనీకి చెబుతాయి. కారు నడిపిన మనిషి మీద కేసు ఎలాగూ ఉంటుంది. దోస్త్ కారని చెప్పమన్నవాడు అప్పుడు మన ఫోన్ ఎత్తుతాడా?

రవాణా శాఖ వాళ్లు ఆపినా ఇంతే. పర్మిట్ లేకుండా అద్దెకు తిప్పితే మోటారు వాహనాల చట్టం కింద 10,000 రూపాయల జరిమానా, బండిని స్వాధీనం చేసుకునే అధికారం కూడా వాళ్లకు ఉంది. నల్ల ప్లేటు కారైనా రాష్ట్రం దాటేముందు దానికి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ ఉందో లేదో అడిగి, కాపీ ఫోన్‌లో పెట్టుకోండి. ఇప్పుడు శ్రీశైలం డ్యామ్ దాటడమంటే రాష్ట్రం దాటడమే కదా.

ఇంకో సంగతి కూడా తేలింది. బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో ఆ నంబర్ కొట్టి చూస్తే కారు అతనిది కానే కాదు. వాడకుండా పార్కింగ్‌లో ఉన్న కార్లను నెలకింతని తీసుకుని తిప్పుతుంటాడట. మీ కారును ఇలా ఎవరికైనా ఇచ్చి ఉంటే మీరూ ఆలోచించుకోండి. ప్రమాదం జరిగితే నోటీసు వచ్చేది ఆర్‌సీలో పేరున్న మీకే. ఈ యాప్‌లోనే బండి తరగతి ఉంటుంది. మోటార్ కార్ అని ఉంటే సొంత వాడకానిది, మోటార్ క్యాబ్ అని ఉంటే అద్దెకు తిప్పేది. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో కూడా అందులోనే కనిపిస్తుంది. నంబర్ ముందే పంపమని అడగండి. పంపకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

బైక్ కోసం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాల్సి వచ్చింది. ఎస్సై ఫోన్ చేసి పిలిపించాక బైక్, ఆర్‌సీ తిరిగి ఇచ్చాడు. డిపాజిట్ ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేస్తే వాళ్లు ముందు అడిగింది సంస్థ పేరు, చిరునామా, బిల్లు. నా దగ్గర ఉన్నది అతను సంతకం పెట్టించుకున్న తెల్ల కాగితం, ఫోన్‌లో డబ్బు వేసిన రుజువు, వాట్సాప్ మాటలు. చిరునామా మళ్లీ ఆ ఆఫీసు దగ్గరికి వెళ్లి రాసుకున్నాను. అందుకే చెబుతున్నాను, డబ్బు సంస్థ ఖాతాలోకే వేయండి, జీఎస్టీ నంబర్ ఉన్న రసీదు తీసుకోండి. బైక్, ఒరిజినల్ ఆధార్, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరా తాకట్టు పెట్టకండి.

బండి తీసుకునేటప్పుడు చుట్టూ వీడియో తీయమని అందరూ చెప్తారు, తీయండి. గీతలతో ఆపకుండా డిక్కీ కూడా తెరిపించండి: స్టెప్నీలో గాలి, జాకీ, రాడ్, వీల్ స్పానర్. నాలుగు టైర్ల మీది అంకెలు. మీటర్ రీడింగ్, పెట్రోల్ ముల్లు. ఫాస్టాగ్‌లో బ్యాలెన్స్ ఉందో లేదో కూడా చూడండి. అది పనిచేయకపోతే టోల్ దగ్గర మామూలు కంటే ఎక్కువ కట్టాల్సి వస్తుంది. చూపించిన బండే ఇస్తామని, నంబర్‌తో సహా, వాట్సాప్‌లో రాయించుకోండి. వేరే బండి వస్తే డిపాజిట్ వెనక్కి ఇవ్వాలని కూడా అందులోనే ఉండాలి. వీలైతే తాళం ముందురోజు రాత్రే తీసుకోండి. ఒక రోజు అద్దె ఎక్కువైనా పర్వాలేదు, తెల్లవారుజామున గేటు దగ్గర గొంతు మీద కత్తి ఉండదు.

చవక అనే ఆశ నాకు అర్థమవుతుంది. నల్ల ప్లేటు కార్లు ఇచ్చేవాళ్లు ఎక్కువ అడుగుతారు, పండగలప్పుడు దొరకవు కూడా. అలాంటప్పుడు డ్రైవర్‌తో పసుపు ప్లేటు టాక్సీ మాట్లాడుకోండి, లేదా ఆర్టీసీ బస్సులో శ్రీశైలం వెళ్లి అక్కడ ఆటో పెట్టుకుని తిరగండి. పెద్దవాళ్లు వెంట ఉంటే మరీనూ.

నేను జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. వాళ్ల నోటీసుకు అతను ఇంకా బదులివ్వలేదు. మీలో ఎవరికైనా ఇలాగే డిపాజిట్ పోయి ఉంటే, డబ్బు పంపిన రుజువు, వాట్సాప్ చాట్లు, బండి ఫోటోలు డిలీట్ చేయకుండా దాచుకుని మీరూ ఫిర్యాదు వేయండి. ఫిర్యాదు ఎలా రాయాలో తెలియకపోతే అడగండి, నేను రాసింది చూపిస్తాను.