ఇంటికి వచ్చే కేర్‌టేకర్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పక్షవాతంతో అమ్మకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాక ఒక ఏజెన్సీ ద్వారా ఇంటికి కేర్‌టేకర్‌ను పెట్టుకున్నాం. ఏళ్లు గడిచాయి, ఇప్పటికీ కొనసాగిస్తున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సేవ విలువైనదే. కానీ ఏజెన్సీలు దేన్ని గొప్పగా చెప్పుకుంటాయో, అసలు లోపం అక్కడే ఉంది. "ఒకరు రాకపోతే వెంటనే ఇంకొకరిని పంపిస్తాం" అంటారు. పంపిస్తారు కూడా. ఆ వచ్చే మనిషికి అమ్మ గురించి ఏమీ తెలియదు.

స్నానం చేయించడం, బట్టలు, డైపర్ మార్చడం, తినిపించడం, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి దించడం. జాబితా చదివితే ఇందులో ఏముంది, మనమే చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. మేమూ కొన్నాళ్లు చేసుకున్నాం, నడుములు పట్టేశాయి. మొదట వచ్చిన అమ్మాయి పని చూశాక తేడా తెలిసింది. బట్టలు తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అదే చివర. వీల్‌చైర్‌ను అమ్మకు బలమున్న వైపు పెట్టి, బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకు జరిపేది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, ఆ బెల్టు పట్టుకునే లేపేది. చంకల్లో చేతులు పెట్టి ఎత్తేది కాదు. పక్షవాతం వచ్చిన వైపు భుజం కండరాలు పట్టు కోల్పోతాయి, గుంజితే కీలు జారే ప్రమాదం ఉంటుంది.

ఆమెలో నాకు బాగా నచ్చింది ఇంకొకటుంది: అమ్మ చేసుకోగలిగిన పనిలో చెయ్యి పెట్టేది కాదు. "దువ్వెన మీరే పట్టుకోండి పెద్దమ్మా, వెనక వైపు నేను చూస్తా" అని పక్కన నిలబడేది. ఎంతసేపైనా నిలబడేది. మాకు చూస్తుంటేనే విసుగొచ్చేది. చకచకా పని ముగించేవాళ్లను మెచ్చుకోవాలనిపిస్తుంది గానీ, అన్నీ మనమే చేసిపెడితే ఆ మనిషికి మిగిలిన కాస్త శక్తి కూడా వాడకం లేక తగ్గిపోతుంది.

మంచాన ఉన్నవాళ్లకు పుండ్లు పడటం పెద్ద భయం. సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మడమలు, తుంటి ఎముకలు, నడుము కింది భాగం రోజూ చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు ఎరుపు చెదరకపోతే అక్కడ పుండు మొదలవుతున్నట్టే. ఎయిర్ బెడ్ కొన్నాం కదా అని పక్క మార్చడం మానేస్తే లాభం లేదు. ఇదంతా మాకు నేర్పింది ఆవిడే. అయితే ఇంజెక్షన్లు ఇవ్వడం, మందుల డోసు మార్చడం, పుండుకు డ్రెస్సింగ్ చేయడం నర్సు పని. అన్నీ చేస్తామని ఏజెన్సీ అంటే అక్కడే అనుమానించండి.

ఇక మనిషి మారితే ఏమవుతుందో చెప్తాను. రెగ్యులర్‌గా వచ్చే అమ్మాయి సెలవులో ఉన్నప్పుడు వేరొకరు వచ్చారు. మంచి మనిషే, పని వచ్చు. డైరీలో "పేషెంట్ ప్రశాంతంగా ఉన్నారు, బాగా నిద్రపోయారు" అని రాసి వెళ్లారు. సెలవు నుంచి తిరిగొచ్చిన అమ్మాయి అమ్మను పలకరించి, ఆ డైరీ చూసి, "ఈవిడ ఈ టైమ్‌లో ఇలా పడుకోరు, మాట కూడా తేడాగా ఉంది, డాక్టర్‌కి ఫోన్ చేయండి" అంది. పరీక్షలో మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. వయసు మళ్లినవాళ్లలో ఒక్కోసారి జ్వరం లేకుండానే మగత, అయోమయంతో ఇది బయటపడుతుందట. కొత్తగా వచ్చినవారిని నేను తప్పుపట్టను. ఆ రోజే మొదటిసారి చూసిన మనిషి ఎప్పుడూ ఎలా ఉంటుందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

అన్నిసార్లూ ఇంత తేలిగ్గా గడవలేదు. ఇంకో బదిలీ మనిషి బెల్టు వదిలేసి, పడిపోయిన చేతినే పట్టుకుని లేపడంతో అమ్మ చాలాకాలం భుజం నొప్పితో బాధపడింది. ఏజెన్సీకి ఫిర్యాదు చేస్తే సారీ చెప్పి మనిషిని మార్చారు. అంటే మళ్లీ ఇంకో కొత్త మనిషి!

మరి ఇంత పని తెలిసినవాళ్లు ఎందుకు నిలవరు? కారణం చాలావరకు కళ్లముందే కనిపిస్తుంది. "24 గంటల సర్వీస్" పేరుతో ఒక్కరినే రాత్రీ పగలూ ఉంచుతారు. రాత్రంతా రెండు గంటలకోసారి లేచిన మనిషి పొద్దున మరో మనిషిని ఎత్తాలి. ఇంటి పనివాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందం వారానికి కనీసం 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఉండాలని చెప్తుంది. మా ఏజెన్సీ ఇచ్చిన అగ్రిమెంట్‌లో సెలవు అన్న మాటే లేదు. అడిగి రాయించుకున్నాం.

ఈ పనికి గిరాకీ తగ్గేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2030 నాటికి ప్రతి ఆరుగురిలో ఒకరు 60 దాటినవారే. 80 దాటినవాళ్లు 2020తో పోలిస్తే 2050కి మూడు రెట్లై, 42.6 కోట్లకు చేరతారట. జర్మనీ 1995లో, జపాన్ 2000లో ఇలాంటి దీర్ఘకాల సంరక్షణకే ప్రత్యేకంగా బీమా మొదలుపెట్టాయి. జనం కావాలి, దొరకరు అన్నప్పుడు ఏజెన్సీలు హడావిడిగా ఎవరినో ఒకరిని పంపడం ఇంకా పెరుగుతుందనే నా టెన్షన్.

కొత్తగా పెట్టుకునేవాళ్లు రేటు, సర్టిఫికెట్ అడగండి, సరే. వాటికంటే ముందు ఇది అడగండి: మీ దగ్గర మనుషులు సగటున ఎంతకాలం ఉంటారు? సెలవు రోజున వచ్చేది ఎప్పుడూ ఒకే మనిషేనా? సమాధానం తడబడితే ఇంకో ఏజెన్సీ చూసుకోవడం మేలు. మేము ఇప్పుడు పగలు ఒకరు, రాత్రి ఒకరు, ఇద్దరి సెలవులకూ కలిపి ఒక బదిలీ మనిషి, ఈ ముగ్గురే ఉండేలా మాట్లాడుకున్నాం. బదిలీ మనిషి ఒంటరిగా డ్యూటీ ఎక్కే ముందు ఒక షిఫ్ట్ పాత మనిషి పక్కనే ఉండి చూడాలి. ఆ షిఫ్ట్‌కి ఏజెన్సీ ఇద్దరికీ బిల్లు వేస్తుంది, కడుతున్నాం.